పొద్దు పొడవు, నెలసరి లెక్క
స్త్రీల పునరుత్పత్తి హార్మోన్లపై పగటి వెలుగు ప్రభావం: ధర్మనిధి స్మారకోపన్యాసం



ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినవారు విషయం ఎంచుకునే స్వేచ్ఛ నాకే వదిలి, ఒక్క షరతు పెట్టారు. మాట తెలుగులో సాగాలి, వైద్యం చదవనివారికీ అర్థం కావాలి. ఆ షరతు వినగానే డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబగారు గుర్తొచ్చారు. తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావుగారి కుమార్తె ఆమె. విజయవాడలో వైద్యం చేశారు. 1957లో అక్కడినుంచే లోక్‌సభకు వెళ్లారు. అన్నిటికీ మించి, ఆడవాళ్లు తమ శరీరం గురించి తమ భాషలో చదువుకోవాలని 'ప్రసూతి - శిశుపోషణ' రాశారు. ఈ నా మాటలను ఆమె స్మృతికి సమర్పించుకుంటున్నాను.

నేడు నేను ఎత్తుకున్న ప్రశ్న ఇది. ఏడాది పొడవునా పగటి వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. దానితోపాటు స్త్రీల పునరుత్పత్తి హార్మోన్లూ మారతాయా? చలికాలంలో నెలసరి వెనక్కి పోతోందని చెప్పే అమ్మాయి అడిగేది ఇదే. ఇంగ్లండులో కాపురం పెట్టాక తేదీలు తప్పుతున్నాయని తల్లికి ఫోనులో చెప్పుకునే కూతురు అడిగేదీ ఇదే. ఐవీఎఫ్ ఏ నెలలో మొదలుపెడితే మంచిదని అడిగే దంపతుల మనసులో ఉన్నదీ ఇదే.

నా జవాబు ముందే చెబుతాను. పగటి వెలుగు ఆడవాళ్ల హార్మోన్లను తాకుతుంది, కాని చాలా మెత్తగా తాకుతుంది. మన అక్షాంశాల మీద ఋతువులవారీగా పగలు మారే తేడా చిన్నది. మన ఆడవాళ్ల ఒంట్లో గడియారాన్ని నిజంగా కదిలిస్తున్నవి రెండు: పగటిపూట ఇంట్లోనో ఆఫీసులోనో నాలుగు గోడల మధ్య ఉండిపోవడం, రాత్రిపూట దీపాల కింద మేలుకోవడం. ఈ మాటకు ఆధారాలేమిటో ఇక వరసగా చూద్దాం.

చీకటిని కొలిచే గ్రంథి

మెదడు నడిబొడ్డున బఠాణీ గింజకన్నా చిన్నదైన పీనియల్ గ్రంథి ఉంది. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి తాత్వికుడు డెకార్ట్ దాన్ని ఆత్మ నివాసమన్నాడు. దాని అసలు పని తేలడానికి మూడు వందల ఏళ్లు పట్టింది. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఏరన్ లెర్నర్ బృందం ఆవుల పీనియల్ గ్రంథుల నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి మెలటోనిన్ అని పేరు పెట్టింది. లెర్నర్ చర్మవైద్యుడు. ఆయన వెతికింది చర్మపు రంగును మార్చే పదార్థం కోసం. చేతికి చిక్కింది మాత్రం రాత్రికి సంబంధించిన హార్మోను.

మెలటోనిన్ చీకటి పడ్డాక రక్తంలోకి వస్తుంది, తెల్లవారితే తగ్గిపోతుంది. రాత్రి ఎంత పొడుగైతే అది అంతసేపు ఉంటుంది. అంటే శరీరం కొలిచేది పగటిని కాదు, చీకటి నిడివిని. ఈ కబురు కంటినుంచే బయలుదేరుతుంది. మనం వస్తువులను చూడటానికి వాడే కణాలు కాక, రెటీనాలో వెలుగును కొలవడానికే ఉన్న కణాలు కొన్ని ఉన్నాయి. వాటిలోని మెలనాప్సిన్ అనే వర్ణద్రవ్యాన్ని ఇగ్నేషియో ప్రొవెన్సియో బృందం 1998లో మొదట కప్ప చర్మంలో గుర్తించింది. అలాంటి కణాలు క్షీరదాల రెటీనాలో నేరుగా వెలుగుకు స్పందిస్తాయని డేవిడ్ బెర్సన్ బృందం 2002లో చూపింది. నీలి వెలుగు వీటిని ఎక్కువగా రేపుతుంది. ఆ కణాల సంకేతం హైపోథాలమస్‌లోని ప్రధాన గడియారానికి చేరి, అక్కడినుంచి వెన్నుపాము, మెడ దగ్గరి నాడీకేంద్రం మీదుగా తిరిగి పీనియల్‌కు వస్తుంది.

పునరుత్పత్తి వ్యవస్థ మొదలయ్యేదీ ఆ హైపోథాలమస్‌లోనే. అక్కడ ఊరే జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోను పీయూష గ్రంథిని తట్టి లేపుతుంది. పీయూష గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను వదులుతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ అండాశయంలో అండపు తిత్తిని పెంచుతుంది. ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగసినప్పుడు అండం విడుదలవుతుంది. తిత్తి నుంచి ఈస్ట్రోజెన్, అండం విడుదలయ్యాక మిగిలిన భాగం నుంచి ప్రొజెస్టెరాన్ వస్తాయి. ఈ గొలుసు మొదట్లో కిస్‌పెప్టిన్ అనే పదార్థం నిలబడి ఉంటుంది. దాని సంకేతం అందకపోతే ఆడపిల్ల ఈడేరదని 2003లో రుజువైంది. సిరియన్ హామ్‌స్టర్ అనే చిన్న జంతువులో రాత్రులు మారితే కిస్‌పెప్టిన్ కూడా మారుతుందని 2006లో తేలింది. వెలుగుకూ అండాశయానికీ మధ్య తోవ ఉందని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఆధారం అక్కర్లేదు. ఇక మిగిలింది, ఆ తోవలో మనిషి ఎంత దూరం నడుస్తాడన్న ప్రశ్న.

గొర్రె, గుర్రం, కోడి

మన రైతులకు ఈ తోవ కొంత తెలుసు. తణుకు, అనపర్తి వైపు కోళ్ల షెడ్లలో తెల్లవారుజామున దీపాలు వెలగడం మీలో చాలామంది చూసే ఉంటారు. గుడ్లు పెట్టే కోడికి పగటి వెలుగు, దీపపు వెలుగు కలిపి రోజుకు 16 గంటల దాకా ఇస్తారు. వెలుగు తగ్గితే గుడ్లు తగ్గుతాయి. పక్షుల్లో వెలుగు కంటిమీదే ఆధారపడదు, పుర్రెలోంచి నేరుగా మెదడులోకి దిగి పనిచేస్తుంది. 1930లలో జాక్ బెన్వా బాతుల మీద చేసిన ప్రయోగాలు ఈ సంగతిని బయటపెట్టాయి.

చలిదేశపు గొర్రెలు పగలు తగ్గుతున్నప్పుడు, శరత్తులో ఎదకు వస్తాయి. కడుపుతో ఉండేది ఐదు నెలలు కనుక పిల్లలు వసంతంలో, పచ్చిక మొలిచే వేళకు పుడతాయి. గుర్రం అందుకు విరుద్ధం. దాని గర్భం 11 నెలలు. కాబట్టి పగలు పెరుగుతున్నప్పుడు ఎదకు వచ్చి మరుసటి వసంతానికి ఈనుతుంది. మెలటోనిన్ రెండింటిలోనూ ఒకటే, రాత్రి నిడివిని చెప్పడమే దాని పని. ఆ కబురు విని ఏం చేయాలో నిర్ణయించుకునేది ఆ జాతి. అందుకే 'మెలటోనిన్ సంతానాన్ని అడ్డుకుంటుంది' అని గుండుగుత్తగా అనడం తప్పు.

మన గేదెలు వేసవిలో మూగ ఎదకు వస్తాయని పాడి రైతులందరికీ తెలుసు. అయితే అందులో పగటి పొడవు ఒక్కటే లేదు. ఎండవేడి ఉంది, పచ్చిమేత కరువు ఉంది. వెలుగును, వేడిని, తిండిని విడదీయడం పశువుల్లోనే కష్టం. మనుషుల్లో పెళ్లి, పండుగ, వలస, సెలవులు కూడా తోడవుతాయి.

ఉత్తరాది చలిదేశాల సాక్ష్యం

అందుకే శాస్త్రజ్ఞులు వెలుగు తేడా మరీ ఎక్కువగా ఉన్న చోటికి వెళ్లారు. 1890లలో గ్రీన్లాండ్ వెళ్లిన అమెరికన్ వైద్యుడు ఫ్రెడరిక్ కుక్, ధ్రువప్రాంతపు దీర్ఘ రాత్రిలో ఇన్యూట్ స్త్రీలలో చాలామందికి నెలసరి ఆగిపోతోందని రాశాడు. అది ఒక ప్రయాణికుడి పరిశీలన. అందులో ఆకలి పాత్ర ఎంత, చీకటి పాత్ర ఎంత అన్నది విడదీయలేం. 1960లలో ఫిన్లాండ్ వైద్యుడు సకారి టిమోనెన్ వేసవిలో గర్భధారణలు, కవలల గర్భధారణలు పెరుగుతున్నాయని చూపి, వెలుగుకు పీయూష గ్రంథి స్పందిస్తోందని వాదించాడు.

ఫిన్లాండ్ ఉత్తరాన ఓలు నగరం 65 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అక్కడ జూన్‌లో పగలు దాదాపు 22 గంటలు, డిసెంబరులో మూడున్నర గంటలు. 1987లో అంట్టి కౌప్పిల బృందం అక్కడి స్త్రీలలో హార్మోన్లను కొలిచింది. చీకటి నెలల్లో మెలటోనిన్ ఎక్కువ, అండాశయం చురుకుదనం తక్కువ. వెలుగు నెలల్లో అది తిరగబడింది.

ఇంకాస్త దిగువకు, 55 డిగ్రీల మీద ఉన్న సైబీరియా నగరం నోవోసిబిర్స్క్‌కు వద్దాం. అక్కడి కాన్‌స్టంటిన్ డనిలెంకో బృందం 2011లో వెలువరించిన అధ్యయనంలో, ఋతుచక్రాల్లో అండం విడుదలైనవి వేసవిలో 97 శాతం, చలికాలంలో 71 శాతం. వేసవిలో తిత్తులు పెద్దవిగా పెరిగాయి, ఎఫ్‌ఎస్‌హెచ్ కొంత పెరిగే ధోరణి కనిపించింది, నెలసరి చక్రం సగటున 0.9 రోజు తగ్గింది. ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్ మారలేదు. అండం విడుదల, చక్రం పొడవు, ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. అండం విడుదలలో తేడా గట్టిదే, చక్రం పొడవులో తేడా ఒక రోజు కూడా లేదు. అంటే నెలసరి తేదీ వారం పది రోజులు తప్పితే దాన్ని ఋతువు మీద నెట్టేయడానికి ఈ అధ్యయనం ఒప్పుకోదు. థైరాయిడ్, పీసీఓఎస్, బరువు, గర్భం, ఒత్తిడి, ఈ కారణాలను ముందు చూడాలి.

పెద్ద లెక్కలు చెప్పేది

2021లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మాన్ సంస్థకు చెందిన ఉరి అలోన్ బృందం ఆ దేశపు వైద్యరికార్డుల్లోని రక్తపరీక్షలను విశ్లేషించింది. ఆ రికార్డులన్నీ కలిపితే 4 కోట్ల 60 లక్షల మనిషి-సంవత్సరాలు. అంత సమాచారంలో చిన్న తేడాలూ స్పష్టంగా కనిపిస్తాయి. పీయూష గ్రంథి హార్మోన్లు వేసవి చివర్లో శిఖరానికి చేరుతున్నాయి. అవి నడిపించే అండాశయం, వృషణం, థైరాయిడ్ హార్మోన్లు శీతాకాలం నుంచి వసంతం మధ్య శిఖరానికి చేరుతున్నాయి. యజమాని, పనివాడు ఒకేసారి పెరగాలి కదా, మరి ఈ తేడా ఎందుకు? గ్రంథులు నెలల తరబడి నెమ్మదిగా పెరుగుతూ తరుగుతూ ఉంటాయని, ఆ జడత్వం వల్లే ఈ ఆలస్యమని ఆ బృందం వివరించింది. మారిన మోతాదు కొద్ది శాతమే. ఒక్క స్త్రీ రక్తపరీక్షలో అది కనబడదు, లక్షల పరీక్షలు కలిపితేనే తేలుతుంది.

ఐవీఎఫ్ నుంచి వచ్చిన సాక్ష్యం మరింత ఆసక్తికరం. 2023లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరం నుంచి, ఘనీభవింపజేసి తర్వాత గర్భాశయంలో ప్రవేశపెట్టిన 3,659 పిండ బదిలీల లెక్క వెలువడింది. వేసవిలో సేకరించిన అండాల నుంచి వచ్చిన పిండాలతో, శరత్తులో సేకరించిన వాటికన్నా బిడ్డ పుట్టే అవకాశం 30 శాతం ఎక్కువగా తేలింది. పిండాన్ని ఏ ఋతువులో ప్రవేశపెట్టారన్నది ఈ తేడాను మార్చలేదు. గర్భాశయం కాదు, అండం ఎదిగిన కాలమే ముఖ్యమని దీని సారాంశం. ఒక తిత్తి అండం విడుదల దశకు చేరడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. అండపు తిత్తిలోని ద్రవంలో మెలటోనిన్ రక్తంలోకన్నా ఎక్కువగా ఉంటుంది, ఆక్సీకరణ నుంచి అండాన్ని కాపాడుతుంది. అదే పెర్త్ లెక్కలో, బదిలీ రోజున వేడి ఎక్కువగా ఉంటే ఫలితం తగ్గింది. వెలుగు మేలు చేసినా వేడి కీడు చేయగలదు. మనకు ఇది మరువరాని సంగతి.

మూడో సాక్ష్యం పుట్టుకల లెక్క. 1990లో టిల్ రోన్నెబెర్గ్, యుర్గెన్ ఆషోఫ్ ప్రపంచంలోని 166 ప్రాంతాల నుంచి నెలవారీ జననాల లెక్కలు సమకూర్చారు. సమశీతోష్ణ దేశాల్లో ఒకప్పుడు గర్భధారణలు వసంత విషువత్తు దగ్గర ఎక్కువగా ఉండేవి. పరిశ్రమలు, విద్యుద్దీపాలు వచ్చాక ఆ ఎగుడుదిగుళ్లు చదునయ్యాయి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మాత్రం తీవ్రమైన వేసవిలో గర్భధారణలు పడిపోయే తీరు కొనసాగింది. అక్కడ వెలుగుకన్నా వేడి బలమైనది.

పదిహేడో అక్షాంశం మీద

ఇప్పుడు ఇంటికి వద్దాం. హైదరాబాదు, విశాఖపట్నం రెండూ 17 డిగ్రీల పైచిలుకు మీద ఉన్నాయి. మనకు అతి పొడవైన పగలు 13 గంటల పైచిలుకు, అతి చిన్నది 11 గంటల పైచిలుకు. తేడా సుమారు రెండు గంటలు. ఓలులో అది పద్దెనిమిదిన్నర గంటలు. పైగా పగలు బాగా పొడుగ్గా ఉండే జూన్ చివర, జులైలలో మనకు రుతుపవన మేఘాలు కమ్ముతాయి. పంచాంగంలో ఉత్తరాయణం చెప్పే వెలుగు ఒకటి, ఆషాఢపు మబ్బుల కింద కంటికి అందే వెలుగు ఇంకొకటి. ఇంత చిన్న, ఇంత తొట్రుపడే సంకేతం మీద మన ఆడవాళ్ల ఋతుచక్రం నడుస్తోందనుకోవడం అతి.

అలాగని మన జననాల్లో ఋతువు లేదనలేం. ఉంది, కాని దాన్ని నడిపే చేతులు వేరు. ముహూర్తాల నెలలున్నాయి, మూఢాలున్నాయి. ఆషాఢంలో కొత్త కోడలిని పుట్టింటికి పంపే ఆచారముంది. ఆషాఢంలో గర్భం నిలిస్తే కాన్పు చైత్రంలో, ఎండలు ముదిరేవేళ వస్తుందని పెద్దలు చెప్పే కారణం లెక్కకు సరిపోతుంది. మన ఊళ్లో ఏదో నెలలో కాన్పులు పెరిగితే మెలటోనిన్‌ను వెతికే ముందు పంచాంగం తెరిచి చూడాలి.

వెలుగుతోనే ముడిపడిన విటమిన్ డి కథ వేరు. అది కంటి తోవ కాదు, చర్మపు తోవ. చర్మం మీద ఎండ పడితే తయారయ్యే ఈ హార్మోను అండాశయంలోనూ పనిచేస్తుంది. అండాల నిల్వను సూచించే ఏఎంహెచ్ జన్యువులో విటమిన్ డి పట్టుకునే చోటు ఉంది. ఏడాదంతా ఎండ కాసే మన నేల మీద దీనికి లోటు ఉండకూడదు. కాని తిరుపతిలో సి.వి. హరినారాయణ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న దక్షిణ భారతీయుల్లోనే విటమిన్ డి లోపం విస్తారంగా కనిపించింది. మన ఎండ ఊళ్లో ఉంది, ఒంటిమీద లేదు.

కంటి విషయంలోనూ అదే పరిస్థితి. వెలుగును లక్స్‌లలో కొలిస్తే, ఆరుబయట మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. మబ్బు పట్టినా వేలల్లో ఉంటుంది. ఇంటి లోపల, ఆఫీసు గదిలో వందల్లోకి పడిపోతుంది. అపార్టుమెంటు వంటింటిలోనో ఏసీ గదిలోనో రోజంతా గడిపే స్త్రీకి, హైదరాబాదులో ఉన్నా అందే పగటి వెలుగు చలిదేశపు శీతాకాలాన్ని తలపిస్తుంది.

రాత్రి వెలుగు

ఇక అసలు మార్పు రాత్రుల్లో వచ్చింది. చాలాకాలం మనిషి మెలటోనిన్ వెలుగుకు లొంగదనుకున్నారు. 1980లో ఆల్ఫ్రెడ్ లూయీ బృందం, వెలుగు తగినంత తీవ్రంగా ఉంటే మనిషిలోనూ మెలటోనిన్ అణగిపోతుందని నిరూపించింది. 1990ల మొదట్లో థామస్ వేర్, మనుషులకు 14 గంటల చీకటి ఇచ్చి చూస్తే మెలటోనిన్ స్రావం పొడవు పెరిగిందని చూపాడు. అంటే ఋతువును చదివే యంత్రం మనలో చెడిపోలేదు, దీపాల వెలుగులో దానికి చదవడానికి రాత్రి మిగలడం లేదు. 2011లో జోషువా గూలీ బృందం, నిద్రకు ముందు 200 లక్స్ లోపు మామూలు గది వెలుగే మెలటోనిన్ స్రావాన్ని సుమారు 90 నిమిషాలు కుదిస్తుందని చూపింది.

దీని ఫలితం ఆడవాళ్ల మీద ఎలా ఉందో చూడాలంటే నర్సులను అడగాలి. అమెరికాలో 71 వేల మందికి పైగా నర్సులను పరిశీలించిన అధ్యయనంలో, మారే షిఫ్టుల్లో ఎక్కువ నెలలు రాత్రిపనిచేసినవారిలో నెలసరి క్రమం తప్పడం ఎక్కువగా కనిపించింది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం రాత్రిపనిని క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వాటి జాబితాలో చేర్చింది. ఆ వర్గీకరణకు ముఖ్య ఆధారాల్లో రొమ్ము క్యాన్సర్ ఒకటి. అమెరికా పగటికి అనుగుణంగా పనిచేసే హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసే నర్సమ్మ, తెల్లవార్లూ ప్యాకింగ్ పని చేసే కూలీ, వీళ్ల శరీరాలకు ఋతువు మారడం కాదు, రోజే తలకిందులవుతోంది. రెండు గంటల ఋతుభేదం కన్నా ఇది ఎన్నో రెట్లు పెద్ద కుదుపు.

చేయవలసినవి

ఆడవాళ్లకు నా మాట సూటిగా ఇది. లేచిన గంటలోపు కాసేపు ఆరుబయట వెలుగులో ఉండండి. పడుకునే ముందు దీపాలు తగ్గించి, ఫోను దూరంగా పెట్టండి. చలిదేశాల్లో ఉన్న మన ఆడపిల్లలు శీతాకాలంలో విటమిన్ డి విషయం డాక్టరుతో మాట్లాడండి. బ్రిటన్ ప్రభుత్వం శరత్తు, శీతాకాలాల్లో అందరికీ రోజుకు 10 మైక్రోగ్రాములు సూచిస్తోంది, చామనఛాయ, నలుపు రంగు చర్మమున్నవారు ఏడాదంతా తీసుకోవడం ఆలోచించమంటోంది. మెలటోనిన్ బిళ్లలు దుకాణంలో దొరుకుతున్నాయి కదా అని, గర్భం కోసం ప్రయత్నిస్తూ సొంతంగా వేసుకోకండి. అది నిద్రమాత్ర మాత్రమే కాదు, పునరుత్పత్తి వ్యవస్థ వినే కబురు. ఐవీఎఫ్ తేదీ ఋతువును బట్టి వాయిదా వేయకండి. వయసు పెరగడం వల్ల పోయేదాన్ని వేసవి తెచ్చివ్వలేదు.

వైద్యులకు ఒక విన్నపం. ఆఖరి నెలసరి తేదీ అడిగినప్పుడు, ఏ వేళకు పడుకుంటారు, ఏ షిఫ్టు, పగలు ఎంతసేపు బయట ఉంటారు, ఈ మూడు ప్రశ్నలు కూడా అడిగి కేసు షీటులో రాయండి. నిమిషం పట్టదు. ఫిన్లాండ్, సైబీరియా, పెర్త్ లెక్కలతో మన ఆడవాళ్ల గురించి తీర్పు చెప్పడం ఇక మానాలి. మన బోధనాసుపత్రులలో, సంతాన సాఫల్య కేంద్రాలలో ఏళ్ల తరబడి పేరుకున్న హార్మోన్ పరీక్షల రికార్డులున్నాయి. వాటిని నెలవారీగా, షిఫ్టువారీగా విడదీసి చూస్తే ఇజ్రాయెల్ చేసిన పని మనమూ చేయవచ్చు. పీజీ విద్యార్థుల్లో ఎవరైనా థీసిస్ కోసం విషయం వెతుకుతుంటే ఇది తీసుకోండి.

ప్రభుత్వానికీ, యాజమాన్యాలకూ చివరి మాట. రాత్రిపూట స్త్రీల చేత పనిచేయించుకోవడంపై చట్టాల్లోని ఆంక్షలు సడలుతున్నాయి. ఉపాధి కోణంలో అది సరైనదే. కాని రక్షణ అంటే క్యాబు, కెమెరా, సెక్యూరిటీ గార్డు ఒక్కటే కాదు. షిఫ్టులు వారం వారం మారకుండా ఉండాలి, రాత్రిపనికి రాత్రిపనికి మధ్య చాలినంత విశ్రాంతి ఉండాలి, గర్భిణికీ గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారికీ జీతం కోత లేకుండా పగటి షిఫ్టు అడిగే హక్కు ఉండాలి. స్త్రీల ఆరోగ్య రక్షణలో చీకటిని కూడా లెక్కించే నిబంధనలు రాయండని కోరుతున్నాను.